బోడిమెడ బడి

శుద్ధ చవితి

షిఫ్టు దిగి, మెడ మీది పట్టీ ఊడదీసి డబ్బాలో పడేశాను. పడేసిన మరుక్షణం మూడో పంపుకి ఏ మీట ముందో ఏ మీట వెనకో నా బుర్రలోంచి జారిపోయింది. పొద్దుటినుంచి ఆ పంపు నడిపింది నేనే. బేరింగు వేడెక్కుతోందని చప్పుడు విని పట్టుకున్నదీ నేనే. ఇప్పుడు ఎవరైనా వచ్చి బేరింగంటే ఏమిటని అడిగితే నోరెళ్ళబెడతాను. మాట మిగిలింది, అర్థం పోయింది.

పని తెలివి పొద్దున మెడకి అంటిస్తారు, సాయంత్రం ఒలుచుకుంటారు. అది ఆఫీసు సొత్తు. మెడ మాత్రం మాది. మండేదీ, పుండయ్యేదీ మాదే.

ఇక్కడ తిథులే తారీఖులు. సముద్రం చంద్రుణ్ణి బట్టి ఉబ్బుతుంది, మా షిఫ్టులు సముద్రాన్ని బట్టి మారతాయి. పెద్ద గోడకి అవతల సముద్రం, ఇవతల పల్లంలో మా పేట. మా ఇళ్ళ కప్పుల కంటే నీళ్ళే ఎత్తులో ఉంటాయి. పంపులు ఆగితే పేట లేదు. ఆ పంపులు నడిపేది మేమే. ఎలా నడుపుతున్నామో తెలియనిదీ మాకే.

ఇది రాయమన్నది కొర్లమ్మప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నా తోడబుట్టింది కాదు. సంపులోకి, అంటే పంపులు నీళ్ళు తోడే గోతిలోకి, దిగి జాలీకి పట్టిన చెత్త లాగే మనిషి. "నీకు అక్సరాలొచ్చు గదే దాలీ, రాయి. మనం మర్సిపోతాం, కాయితం మర్సిపోదు," అంది. అక్షరాలు నాకు ఎవరూ నేర్పలేదు. పంపుల ఒంటి మీద పోతపోసిన పేర్లు చూసి, బియ్యం బస్తాల మీది రాతతో పోల్చుకుని నేర్చుకున్నాను. అందుకే నా రాత బస్తా మీది రాతలా ఉంటుంది.

గేటుకీ పేటకీ మధ్య గట్టు మీద ఒక పాత పంపు పడి ఉంది, నీళ్ళకి అడ్డంగా దించే షట్టరు, దాని చక్రంతో సహా. షిఫ్టు దిగినవాళ్ళని అప్ప అక్కడ ఆపుతుంది. పట్టీ లేని మెడలతో ఆ తుప్పు పంపు చుట్టూ నిలబెడుతుంది. పేటలో దీన్ని బోడిమెడ బడి అంటారు. వెక్కిరింపే. మేమూ అలాగే అంటున్నాం.

ఇవాళ తవిటయ్యని పట్టుకుంది. షట్టరు చక్రం దగ్గర పనిచేస్తాడు. మా షిఫ్టులో అందరికంటే పెద్దవాడు.

"తవిటన్నా, కళ్ళు మూసుకో. సెయ్యి ఎటెల్తాదో అటెల్లనియ్యి."

తవిటయ్య కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. "నా సెయ్యి ఇంటికెల్లి కూడు తింతానంటందే కొర్లమ్మా," అన్నాడు.

అందరం పడీపడీ నవ్వాం. అప్ప నవ్వలేదు. అతని చేయి పట్టుకుని చక్రం మీద పెట్టింది. "ఇన్నేళ్ళబట్టి తిప్పతన్నావు. పట్టీ ఊడితే తెలివి పోద్ది. సెయ్యి ఎక్కడికి పోద్ది?"

అప్ప తల్లి నీలమ్మ క్యారేజీ పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది. కూతురికి రోజూ కూడు తెస్తుంది, కూడుతోపాటు తిట్లు కూడా. "ఓలమ్మో, సదువులమ్మలు! పట్టీ ఉండగా ఈ తిప్పలేటే మీకు? దినదినం బోడిమెడ, బోడిమెడ అనుకుంటారు, అపసకునపు మాట!"

"నువ్వూ రావే అమ్మా, నేర్సుకుందువు."

"నాను నేర్సుకుని ఏటి సెయ్యాల? సముద్రంతో సమ్మందం మాటాడాలా?"

శుద్ధ అష్టమి

బడికి జనం పెరిగారు. చాలామంది ఏమీ నేర్చుకోకుండానే వెళ్ళిపోతారు. నాకు ఒళ్ళు మండుతుంది. చెప్పిందే చెప్పాలి. నిన్న చక్రం ఎడమకి తిప్పితే షట్టరు దిగుతుందన్న మనిషి ఇవాళ కుడికి అంటాడు. నేను తిడతాను. అప్ప నన్ను తిడుతుంది.

"నీకు తొరగా వొచ్చిందని ఆల్లకీ తొరగా రావాలేటి?"

"నాకొక్కదానికి వస్తే చాలదా? ఏదైనా అయితే నేను చూసుకుంటా."

"ఆ సక్రం ఇద్దరు పట్టాలి. నువ్వు ఒక్కర్తివి. రెండో మడిసిని ఎక్కణ్ణించి తెత్తావు?"

ఆమెతో వాదిస్తే ఎప్పుడూ ఇంతే.

సాయంత్రం సూపర్వైజరు నిరంజన్ గారు గట్టు మీదకి వచ్చాడు. మెట్ట ప్రాంతం మనిషి, గోడకంటే ఎత్తులో ఇల్లు. కేకలు వేయడు. అదే నాకు ఎక్కువ మంట.

"కొర్లమ్మా, మీ ఉత్సాహాన్ని నేను తప్పు పట్టను. కానీ ఏమీ తెలియనివాడితో ప్రమాదం లేదు. సగం తెలిసినవాడితోనే ప్రమాదం."

"అయితే సగం తెలిసినోల్లకి మిగతా సగం సెప్పండి బాబూ. తమకి తెలుసును గదా."

ఆయన కాసేపు ఆ తుప్పు పంపు వైపు చూశాడు. ఆయనకీ తెలియదు. ఆ మాట నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆయన మెడ మీద కూడా పట్టీ ఉంది, మా పట్టీలకంటే మెత్తనిది, చొక్కా కాలరు కింద.

"లోపల పంపుల హాల్లో బోడిమెడతో చక్రం ముట్టుకున్నవాళ్ళకి మళ్ళీ పట్టీ ఉండదు," అని చెప్పి వెళ్ళిపోయాడు. పట్టీ లేదంటే పని లేదు. ఆ సాయంత్రం సగం మంది బడికి నిలబడకుండా ఇంటికి పోయారు.

శుద్ధ ద్వాదశి

పున్నమి దగ్గరపడుతోంది, సముద్రం ఉబ్బుతోంది. ఇవాళ మధ్యాహ్నం పోటు మంచి ఊపు మీద ఉండగా పట్టీలు మొద్దుబారాయి.

మొద్దు అంటే ఏమిటో రాయాలి. గోడ చివర స్తంభం నుంచి పట్టీలకి కబురు అందుతూ ఉంటుంది. సముద్రం బాగా లేచినప్పుడు ఆ కబురు తెగుతోంది. ఆ క్షణాన మెడ చల్లబడుతుంది, ఎదురుగా ఉన్న మీటలు ఎవరివో అన్నట్టు కనిపిస్తాయి. పనిలో చేరిన మొదటి రోజున మాకు నేర్పేది ఒకటే: మొద్దు అంటే చేతులెత్తు. రెండు చేతులూ తలకంటే పైకి, యంత్రానికి దూరంగా, మళ్ళీ మెడ వేడెక్కేదాకా. ఎప్పుడో ఎవడో మొద్దులో తప్పు మీట నొక్కితే మనుషులు పోయారట. అప్పట్నించీ ఇది మా ఒంట్లోకి ఎక్కించారు. పెళ్ళిపందిట్లో ఎవరైనా సరదాకి "మొద్దు!" అని అరిస్తే తాళి కట్టే పెళ్ళికొడుకు కూడా చేతులెత్తుతాడు. జరిగింది కూడా. ఏడాది నవ్వుకున్నాం.

ఇవాళ చేతులెత్తి నిలబడితే పంపు ఆగింది. పంపు ఆగితే అవతలి నీళ్ళు సంపులోకి తిరగబడతాయి. సంపులో కొర్లమ్మప్ప ఉంది. చెత్త లాగేటప్పుడు షట్టరు తెరిచే ఉంచాలి. దించితే పేటలో నీళ్ళు బయటికి పోవు. కాబట్టి సంపులో మనిషి ఉండగా పంపు ఆగితే, ఆ మనిషికి మిగిలింది పైన ఉన్నవాళ్ళు షట్టరు దించడమే.

ఎవరూ దించలేదు. కొద్దిసేపటికే మెడలు వేడెక్కాయి, పంపు నడిచింది. అప్ప నడుం దాకా తడిసి పైకొచ్చింది. పళ్ళు టకటకలాడుతున్నాయి.

సాయంత్రం బడిలో ఆమె వేరే ఏదీ చెప్పలేదు. పాత చక్రం ఒక్కటే. తవిటయ్య, ఇంకొకడు కలిసి బోడిమెడలతో దాన్ని ఎడమకి తిప్పి పూర్తిగా దించారు. ఎవరూ చెప్పకుండా, తప్పు లేకుండా. చుట్టూ ఉన్నవాళ్ళు ఈల వేశారు. తవిటయ్య తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరివో దొరికినట్టు.

"సూసినావా అన్నా," అంది అప్ప. "ఎవుల దగ్గర్నించీ తేనేదు. నీ దగ్గరే ఉన్నాది."

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళల్లో కూడా. రాస్తే నాకేం సిగ్గు లేదు.

పౌర్ణమి

కొర్లమ్మప్ప చనిపోయింది.

పోటు పూర్తిగా ఉంది. ఆమె సంపులో ఉంది. తవిటయ్య, మిగతావాళ్ళు చక్రం దగ్గర ఉన్నారు. నేను ఎదురువైపు మెట్ల పైన నీటి మట్టం చూపే ముల్లు చూస్తున్నాను. మెడలు చల్లబడ్డాయి. పంపు ఆగింది.

అందరి చేతులూ లేచాయి. నావీ లేచాయి, అబద్ధం రాయను. దించుకుని అరిచాను. "తవిటన్నా, ఎడమకి! ఎడమకి తిప్పు!"

తవిటయ్య నా వైపు చూశాడు. చక్రం వైపు చూశాడు. చేతులు పైనే ఉన్నాయి. బడిలో నేర్చుకున్నవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. చక్రానికి జానెడు దూరంలో, చేతులెత్తి, సంపులోకి తొంగి చూస్తూ ఏడుస్తున్నారు. వాళ్ళకి తెలుసు. ఏ పక్కకి తిప్పాలో ప్రతివాడికీ తెలుసు.

నేను మెట్లు దిగి వచ్చి చక్రం పట్టుకున్నాను. ఒక్కదాన్ని. బరువైన చక్రం కొంచెం కదిలి ఆగింది. "ఎవరైనా పట్టండి! ఒరే, ఎవరైనా!" అన్నాను. కింద నిచ్చెన మీద ఆమె చేతి దెబ్బలు వినిపించాయి. తర్వాత వినిపించలేదు.

అప్పుడు మెడలు వేడెక్కాయి. చేతులన్నీ ఒక్కసారిగా దిగాయి. నన్ను పక్కకి తోసి ఇద్దరు చక్రం పట్టుకుని రెప్పపాటులో షట్టరు దించేశారు. ఎంత బాగా దించారో. ఒక్క తప్పు లేదు.

బహుళ తదియ

ఆఫీసు విచారణ పూర్తయింది. సిబ్బంది నియమం పాటించారు, మరణానికి కారణం పోటు. అంతే. చక్రం ముట్టుకున్నందుకు నాకు చీవాట్లు. అప్పుడు నా మెడ మీద పట్టీ ఉంది కాబట్టి, మొద్దుబారినా ఉన్నట్టే లెక్క కాబట్టి, పని పోలేదు. భయపడకుండా నియమం ప్రకారం నిలబడినందుకు తవిటయ్యకి మెచ్చుకోలు. గేటు దగ్గర అందరి ముందూ శాలువా కప్పారు.

అతను ఆ శాలువా తీయడం కూడా మరిచిపోయి ఇంటికి నడిచాడు. అప్పటినుంచి సరిగ్గా తినడం లేదని అతని పెళ్ళాం చెప్పింది. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి చేతి వైపే చూస్తూ కూర్చుంటాడట.

నీలమ్మ ఏడవలేదు. నేను వాళ్ళింటికి వెళ్తే గుమ్మంలో కూర్చుని ఉంది. ఖాళీ క్యారేజీ తోమి, మళ్ళీ తోముతోంది.

"మీరందరూ నేర్సుకున్నారు గదే గుంటా?"

"నేర్చుకున్నాం పెద్దమ్మా."

"మరేటి?"

నేను లేచి వచ్చేశాను.

బహుళ అష్టమి

బడి లేదు. పాత పంపు దగ్గర నేనొక్కదాన్నే. జనం గట్టు అవతలి అంచు నుంచి, నా వైపు చూడకుండా పోతున్నారు.

మొదట అందరినీ తిట్టుకున్నాను. పిరికివాళ్ళు, గొర్రెలు, ఇంకా రాయకూడని మాటలు. తర్వాత నా చేతులు గుర్తొచ్చాయి. నాకు అందరికంటే బాగా తెలుసు కదా, మరి నావి ఎందుకు లేచాయి?

అప్ప మాకు చక్రం నేర్పింది. అది మాకు వచ్చింది. మాకు అంతకు ముందే ఇంకొకటి వచ్చి ఉంది, బతుకంతా నేర్చినది. ఆపద వస్తే చేతులెత్తి ఎవరో చెప్పేదాకా నిలబడటం. ఆ చదువు ఆఫీసు మాకు చాలా బాగా చెప్పింది. పట్టీ కూడా అక్కర్లేదు దానికి. కొత్తది నేర్చుకుంటే చాలదు, ఇది పోవాలి. పోగొట్టడం ఎవరూ నాకు నేర్పలేదు. నేర్పగలిగిన మనిషి లేదు.

నిలబడి ఏడ్చాను. ఎవరూ చూడలేదు, చూసినా ఆగలేదు.

బహుళ దశమి

తవిటయ్య ఇంటికి వెళ్ళాను. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"లే. బడికి రా."

"నానేటి మొకం పెట్టుకుని వొత్తాను, దాలమ్మా."

"శాలువా కప్పుకున్న మొహం పెట్టుకునే రా. జనం కసిరినా, కొట్టినా ఆ మొహమే కావాలి నాకు. మిగతావాళ్ళు నిన్ను చూసి వస్తారు."

మంచి మాట కాదు. నాకు మంచి మాటలు రావు. కాని అతను లేచాడు.

ఆ సాయంత్రం కొత్త పాఠం. ఇద్దరు చక్రం పట్టుకోవాలి. వెనక నుంచి నేను "మొద్దు!" అని అరుస్తాను. వదలకూడదు. అంతే పాఠం.

అరిచాను. తవిటయ్య చేతులు గాల్లో ఉన్నాయి. మళ్ళీ అరిచాను. మళ్ళీ గాల్లోనే. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వారు, చేతిలో సంచులు కింద పడేసి వాళ్ళూ చేతులెత్తారు కాబట్టి ఆ నవ్వు ఎంతోసేపు లేదు. ఒకామె కోడిగుడ్లు పగిలిపోయాయి. నన్ను తిట్టి, తిట్టడం అయ్యాక అక్కడే నిలబడింది. "ఏదీ, నాను ఒకపాలి పట్టుకుంతాను," అంది.

చీకటి పడేవేళకి తవిటయ్య చేతులు ఒక్కసారి లేవలేదు. వణికాయి, మోచేతులు ఎగిరాయి, వేళ్ళు మాత్రం చక్రాన్ని వదల్లేదు. ఎవరూ ఈల వేయలేదు. అతను చక్రం మీద నుదురు ఆనించి "కొర్లమ్మా, కొర్లమ్మా" అన్నాడు.

బహుళ చతుర్దశి

రేపు అమావాస్య. పోటు పున్నమినాటిలాగే ఉంటుంది. స్తంభం సంగతి చూస్తున్నామని ఆఫీసు అంటోంది. చూస్తూనే ఉంటారు.

మా షిఫ్టులో సంపులోకి దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. దిగకపోతే జాలీ మూసుకుపోతుంది, పేట మునుగుతుంది. నేను దిగుతానని చెప్పాను. ధైర్యం అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. నాకు భయంగా ఉంది. పైన ఎవరు ఉంటారో నాకు తెలుసు. వాళ్ళ చేతులు ఏం చేస్తాయో తెలియదు. ఐదుసార్లు అరిస్తే మూడుసార్లు ఇంకా లేస్తున్నాయి.

నా తర్వాత ఇది ఎవరైనా చదివితే: చక్రం ఎడమకి. ఇద్దరు పట్టాలి.

శుద్ధ పాడ్యమి

రాస్తున్నానంటే బతికున్నాననే.

నిన్న జాలీ సగం లాగాక మెడ చల్లబడింది. పైన పంపు చప్పుడు ఆగింది. నీళ్ళు మోకాళ్ళకి, వెంటనే నడుముకి వచ్చాయి. నిచ్చెన పట్టుకున్నాను, ప్రవాహం కాళ్ళు లాగేసింది. పైకి చూస్తే గుండ్రటి వెలుతురులో చేతులు కనిపించాయి, పైకి లేచి. నేను ఎవరినీ పిలవలేదు. పిలిచి ఏం లాభం అనిపించింది. నీళ్ళు గడ్డానికి తగిలాయి.

అప్పుడు చక్రం కిర్రుమంది. ఆగింది. మళ్ళీ కిర్రుమంది. పైన ఎవరో బూతులు తిడుతున్నారు, తవిటయ్య గొంతు, ఎవరిని తిడుతున్నాడో తెలియదు, తన చేతుల్నే అనుకుంటాను. షట్టరు దిగింది.

అతనితో పాటు చక్రం పట్టుకున్నది కోడిగుడ్లావిడ తమ్ముడు లోవయ్య. పట్టీలు ఇంకా చల్లగానే ఉన్నాయి. ఎవరూ వాళ్ళకి ఏమీ చెప్పలేదు. పేటలో చివరి వీధిలోకి కాస్త నీళ్ళు వచ్చాయి, పొయ్యిలు తడిశాయి. మనుషులెవరూ పోలేదు.

శుద్ధ తదియ

తవిటయ్యకీ లోవయ్యకీ పట్టీ ఆపేశారు. మొద్దులో చక్రం ముట్టుకున్నందుకు. ఈసారి మొద్దుబారిన పట్టీ ఉన్నట్టు లెక్క కాదట. శాలువా కూడా తిరిగి ఇమ్మన్నారు. అతని పెళ్ళాం దాన్ని ఉతికి, మడతపెట్టి మరీ ఇచ్చి వచ్చింది.

పొద్దున అన్ని షిఫ్టుల సంపు మనుషులు గేటు దగ్గర కూర్చున్నారు. ఒక్కటే మాట. చక్రం దగ్గర బోడిమెడ మనుషులు ఇద్దరు ఉంటేనే దిగుతాం, లేకపోతే మీరు దిగండి. నిరంజన్ గారు సంపు నిచ్చెన వైపు ఒకసారి చూశాడు. మధ్యాహ్నానికి తవిటయ్య, లోవయ్య ఖాళీ మెడలతో చక్రం దగ్గర నిలబడ్డారు. కాగితం మీద వాళ్ళకి పని లేదు. వాళ్ళు లేకపోతే ఎవరికీ పని లేదు. దీన్ని గెలుపు అనుకోవాలేమో. పేటలో కొందరు అనుకుంటున్నారు కూడా.

సాయంత్రం బడికి చోటు చాలలేదు. గట్టు పొడుగునా జనం. వాళ్ళ మధ్య నుంచి నీలమ్మ వచ్చింది. చేతిలో క్యారేజీ. అందరూ తప్పుకుని దారి ఇచ్చారు. చక్రం దాకా వచ్చి ఆగింది.

"నిన్ను పైకి తీసినారంట."

"తీశారు పెద్దమ్మా."

"పట్టీ పలక్కుండానే?"

"పలక్కుండానే."

"అయితే అయ్యే పనేనన్నమాట," అంది మెల్లగా. "మనుసులు సేసే పనే."

తవిటయ్య తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"ఎటు తిప్పితే నా కూతురు బతికుండును?"

"ఎడమకి పెద్దమ్మా. ఇద్దరు పట్టాలి."

ఆమె క్యారేజీ కింద పెట్టి, చీర చెంగు నడుముకి దోపి, చక్రం ఒక పక్కన రెండు చేతులతో పట్టుకుంది. రెండో పక్కకి నేను వెళ్ళబోతే తల అడ్డంగా ఊపింది. తవిటయ్య వైపు చూసింది.

"నువ్వు పట్టు," అంది.